చైనా భాషలో ప్రశ్నించే పద్ధతి
(ప్రసంగ పాఠం)



పరభాషను నేర్చుకొనేవానికి మొట్టమొదట కావలసినవి ప్రశ్నలు. తెలియని దేశంలో దిగిన మనిషి తన సంగతి తాను చెప్పుకోలేకపోయినా కొంతకాలం నెట్టుకొని రాగలడు. దారి ఏదో, ధర ఎంతో, ఎదుటివారి పేరేమిటో అడగడం చేతకాకపోతే మాత్రం ఒక్క పూట కూడా గడవదు. ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చినది మా మేనల్లుని మూలంగా. అందుచేత వాని అనుభవంతోనే ఈనాటి ప్రసంగాన్ని ఆరంభిస్తాను.

తెలుగునాట నుంచి వైద్యవిద్య కోసం చైనా వెళ్ళిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. మా అక్కయ్య కుమారుడు వారిలో ఒకడు. 2014లో ఈశాన్య చైనాలోని ఒక నగరానికి వెళ్ళినాడు. అక్కడ విదేశీ విద్యార్థులకు పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. పరీక్షలూ ఇంగ్లీషులోనే. కాని పాఠాలు ముగిసి ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టేసరికి కథ మారుతుంది. మంచం మీద ఉన్న రోగికి ఇంగ్లీషు రాదు. చైనా భాష తప్ప మరొక దారి లేదు. మావాడు ఆ భాషను తరగతిలో నేర్చుకున్నాడు, పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. నోటికి మాత్రం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

ఒకనాటి ఉదయం డెబ్భై ఏండ్లు దాటిన ఒక ముసలమ్మను వార్డుకు తీసుకొని వచ్చినారు. ఆమెను విచారించి కాగితం మీద వివరాలు వ్రాయవలసిన పని మావానికి అప్పగించినారు. వాడు మర్యాదగా వంగి, "అమ్మా, మీకు నొప్పి ఎక్కడ?" అని అడగబోయి, "నిన్ నార్ థెంగ్ మ?" అన్నాడు. "నిన్" అంటే తమరు. "థెంగ్" అంటే నొప్పి పుట్టడం. "నార్" సంగతి, చివరనున్న "మ" సంగతి తరువాత చెబుతాను. అలా అడుగుతూ వాడు అప్రయత్నంగా ఆమె పొట్టవైపు చేయి చాచినాడు. ఆమె తల ఊపి, "థెంగ్" అన్నది. నొప్పిగా ఉన్నదని అర్థం. వాడు పొట్టను అక్కడా ఇక్కడా నొక్కి చూచి, కడుపునొప్పి అని వ్రాసుకున్నాడు.

కొంతసేపటికి పెద్ద డాక్టరుగారు వచ్చినారు. ఆయన కూడా మావాడు అడిగిన మాటలే అడిగినట్లు వినిపించినది. కాని ఆమె ఈసారి జవాబుగా కుడి అరచేతిని తన రొమ్ము నడుమ ఆనించుకొని, ఆ తరువాత ఎడమ భుజాన్ని చూపించినది. వెంటనే గుండె పరీక్ష చేసినారు. జబ్బు గుండెకు సంబంధించినదని తేలినది. సకాలంలో చికిత్స జరిగి ఆమె క్షేమంగా ఇంటికి వెళ్ళినది. మావాడు మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదట. ఇంటికి ఫోను చేసి, "మామయ్యా, నేను అడిగిన ప్రశ్నే డాక్టరుగారూ అడిగినారు. నాకు ఒక జవాబు వచ్చినది, ఆయనకు మరొకటి వచ్చినది. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియలేదు" అన్నాడు.

వాడు చేసిన తప్పు రెండు అక్షరాలలో ఉన్నది. ఆ రెంటినీ వివరించాలంటే చైనా భాషలో ప్రశ్న ఎట్లా పుడుతుందో చెప్పవలెను.

మనలో చాలామందికి వ్యాకరణం అనగానే బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు వ్యాకరణమే జ్ఞాపకం వస్తుంది. ఇంగ్లీషులో ప్రశ్నపదం సాధారణంగా వాక్యానికి మొదటికి రావలెను. అది వచ్చి కూర్చున్నాక సహాయక్రియ కర్తకు ముందుకు జరగవలెను. జవాబులో చివర ఉన్న మాటను అడగాలంటే ప్రశ్నలో మొదటికి లాగవలసి వస్తుంది. చిన్నతనంలో ఈ తలక్రిందుల వ్యవహారం నేర్చుకోవడానికి మనం పడిన పాట్లు ఎవరికి తెలియవు? అదే చివరకు అలవాటైపోయి, ప్రపంచంలోని భాషలన్నీ ఇట్లాగే ప్రశ్నిస్తాయని ఒక భ్రమ మనలో నిలిచిపోయినది. నిజానికి మాథ్యూ డ్రయర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు సుమారు 900 భాషలను పోల్చి చూడగా, ప్రశ్నపదాన్ని విధిగా మొదట నిలిపేవి మూడవవంతు కంటే తక్కువే అని తేలినది.

చైనా భాష ఆ మూడవవంతులో లేదు. అక్కడి సూత్రం ఒక్కటే. జవాబు వాక్యం ఏ వరుసలో ఉంటుందో ప్రశ్న కూడా అదే వరుసలో ఉంటుంది. జవాబు రావలసిన చోట ప్రశ్నపదం కూర్చుంటుంది. మిగిలిన మాటలు ఒక్కటి కూడా కదలవు.

ఒక ఉదాహరణ చూడండి. "నేను పేయ్‌చింగ్ వెడుతున్నాను" అనడానికి "వో ఛ్యూ పేయ్‌చింగ్" అంటారు. వో అంటే నేను, ఛ్యూ అంటే వెళ్ళడం. చైనా వాక్యంలో కర్త, క్రియ, కర్మ అనే వరుస. ఇప్పుడు "నీవు ఎక్కడికి వెడుతున్నావు?" అని అడగాలి. పేయ్‌చింగ్ అనే మాటను తీసివేసి, ఆ ఖాళీలో ఎక్కడ అని అర్థమిచ్చే "నార్"ను ఉంచితే చాలును. "నీ ఛ్యూ నార్?" ప్రశ్న తయారైనది. అన్నట్టు, చైనా భాషలో "నీ" అంటే నీవు అనే అర్థం. మన "నీ"కీ దానికీ చుట్టరికం లేదు. అది కేవలం కాకతాళీయం. నేర్చుకొనే తెలుగువానికి మాత్రం అది ఒక చిన్న కానుక.

అదే విధంగా "వో ఛి మీఫాన్" అంటే నేను అన్నం తింటాను. "నీ ఛి షెన్‌మ?" అంటే నీవు ఏమి తింటావు? షెన్‌మ అంటే ఏమి. "థా షి షేయ్?" అంటే అతడు ఎవరు? షేయ్ అంటే ఎవరు. ఈ ఉదాహరణలలో ప్రశ్నపదం చివర వచ్చినది కనుక ఎప్పుడూ చివరనే రావలెనని అనుకోవద్దు. కర్తను గురించి అడిగితే అది మొదటనే ఉంటుంది. "షేయ్ లాయ్?" అంటే ఎవరు వస్తారు? కాలాన్ని అడిగితే క్రియకు ముందు ఉంటుంది. "వో మింగ్‌థియెన్ లాయ్" అంటే నేను రేపు వస్తాను. మింగ్‌థియెన్, అనగా రేపు అనే మాట, కర్తకూ క్రియకూ నడుమ ఉన్నది. కాబట్టి "నీవు ఎప్పుడు వస్తావు?" అనేదానికి "నీ షెన్‌మ షిహోవ్ లాయ్?" అంటారు. షెన్‌మ షిహోవ్ అంటే ఏ సమయం. జవాబు ఎక్కడ ఉంటుందో తెలిసినవానికి ప్రశ్న ఎక్కడ ఉండవలెనో వేరే చెప్పనక్కర లేదు.

ఇది విన్నప్పుడు మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉంటుంది. మన తెలుగు కూడా ఇంతే కదా? అవును, ఇంచుమించుగా ఇంతే. "రాముడు రేపు విజయవాడకు వెడతాడు" అన్న వాక్యంలో ఏ మాటనైనా తీసి అక్కడ ప్రశ్నపదం పెట్టండి. ఎవరు రేపు విజయవాడకు వెడతారు? రాముడు ఎప్పుడు విజయవాడకు వెడతాడు? రాముడు రేపు ఎక్కడికి వెడతాడు? దేనినీ మొదటికి లాగవలసిన పని లేదు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, వారి వాక్యంలో క్రియ నడుమ ఉంటుంది. ప్రశ్నించే పద్ధతి మాత్రం ఒక్కటే. అయినప్పటికీ మన పిల్లలు చైనా భాషను ఇంగ్లీషు పుస్తకాల ద్వారా నేర్చుకుంటారు. తెలుగులో సహజంగా అడిగే ప్రశ్నను ముందు ఇంగ్లీషులోకి తిప్పి, అక్కడినుంచి చైనా భాషలోకి తిప్పి, ప్రశ్నపదాన్ని మొదట నిలబెట్టి తికమకపడతారు. ఇంటి పెరటి గుమ్మం ప్రక్కనే ఉన్న నూతికి ఊరంతా చుట్టి వెళ్ళినట్లు ఉంటుంది ఇది.

పదాలలో కూడా మనకు సన్నిహితమైన నిర్మాణాలు కొన్ని కనిపిస్తాయి. ఎందుకు అనడానికి వారు "వెయ్‌షెన్‌మ" అంటారు. వెయ్ అంటే కొరకు, షెన్‌మ అంటే ఏమి. ఏమి కొరకు అని అర్థం. మన "ఎందుకు" అనే మాటలోనూ చివర "కు" విభక్తి ఉన్నది కదా! సంఖ్యను అడగడానికి వారికి రెండు మాటలు ఉన్నాయి. పదికి లోపు ఉండవచ్చునని తోచినప్పుడు "చీ" అంటారు. ఎంత పెద్ద సంఖ్య అయినా కావచ్చునన్నప్పుడు "త్వోషావ్" అంటారు. త్వో అంటే ఎక్కువ, షావ్ అంటే తక్కువ. ఎక్కువా తక్కువా అనే జంటపదమే ఎంత అనే ప్రశ్న అయినది. అందువల్లనే పసిపిల్లవాని వయస్సు చీ అని అడుగుతారు, బజారులో ధరను త్వోషావ్ అని అడుగుతారు.

లెక్కపెట్టేటప్పుడు చైనా భాషలో సంఖ్యకూ వస్తువుకూ నడుమ ఒక గణనపదం రావలెను. "చీ క రెన్?" అంటే ఎంతమంది మనుషులు? రెన్ అంటే మనిషి. నడుమనున్న "క" గణనపదం. పుస్తకాలకు ఒకటి, కాగితాలకు ఒకటి, జంతువులకు ఒకటి, ఇట్లా రకరకాల గణనపదాలు ఉన్నాయి. విదేశీయులకు ఇది పెద్ద చిక్కు. కాని మనం "పది మనుషులు" అంటున్నామా? పదిమంది మనుషులు అంటున్నాము. ఆ "మంది" చేసే పని ఇదే. తెలుగువాడు ఈ ఒక్క మాటను తలచుకుంటే చైనా గణనపదాల స్వభావం బోధపడుతుంది.

ఇక మా మేనల్లుడు చేసిన తప్పులకు వద్దాము. మొదటిది స్వరానికి సంబంధించినది. చైనా రాజభాషలో ప్రతి అక్షరానికి ఒక స్వరం ఉంటుంది. ప్రధానమైన స్వరాలు నాలుగు. ఒకటి ఎత్తున నిలకడగా ఉండేది, ఒకటి పైకి లేచేది, ఒకటి క్రిందికి దిగి మెల్లగా లేచేది, ఒకటి పైనుంచి ఒక్కసారిగా పడేది. స్వరం మారితే అర్థం మారుతుంది. తెలుగులో అక్కడ, ఇక్కడ, ఎక్కడ అనే మూడింటికీ మొదటి అచ్చులో భేదం ఉన్నది. చైనా భాషలో ఇక్కడ అనే మాట వేరు. అక్కడ, ఎక్కడ అనే రెండు మాత్రం ఒకే శబ్దం. రెండూ "నార్" అనే. క్రిందికి దింపి పలికితే ఎక్కడ. పైనుంచి గట్టిగా పడవేస్తే అక్కడ. తెలుగు లిపిలో వ్రాస్తే ఈ తేడా కనిపించదు. అందుకే రేడియోలో చెప్పుకోదగిన విషయం ఇది. పూర్వపు వ్యావహారిక గ్రంథాలలో చైనావారు కూడా ఈ రెంటికీ ఒకే లిపిచిహ్నం వాడేవారు. 20వ శతాబ్దంలో ప్రశ్నకు ప్రత్యేకంగా నోటి గుర్తు చేర్చిన మరొక చిహ్నం స్థిరపడినది.

చైనా దేశానికి ఒక ప్రామాణికమైన ఉచ్చారణను ఏర్పరచవలెనని ప్రయత్నాలు సాగుతున్న రోజులలో, 1921లో, చావ్ యువెన్‌రెన్ అనే పండితుడు తన కంఠంతో గ్రామఫోను రికార్డులు ఇచ్చినాడు. 1892లో జన్మించి 1982లో మరణించిన ఈయన గణితమూ సంగీతమూ కూడా తెలిసినవాడు. చైనా భాషలో స్వరాన్ని కంటితో కాక చెవితో నేర్చుకోవలెనని ఆనాడే గుర్తించి, గ్రామఫోను రికార్డుల మీద పాఠం చెప్పినాడు.

రెండవ తప్పు చివరనున్న "మ". అవును, కాదు అనే జవాబు రావలసిన ప్రశ్నలకు చైనావారు వాక్యం చివర "మ" చేరుస్తారు. మనం క్రియ చివర "ఆ" చేర్చినట్లే. "నీ లాయ్" అంటే నీవు వస్తావు, "నీ లాయ్ మ?" అంటే నీవు వస్తావా? మన "ఆ" ఎంతో వారి "మ" అంత. తెలుగులో "నీవు ఎక్కడికి వెడుతున్నావా?" అని ఎవరైనా అంటే మనకు నవ్వు వస్తుంది. ఎక్కడ అన్న తరువాత మళ్ళీ "ఆ" ఎందుకు? చైనా భాషలో కూడా సామాన్యంగా ప్రశ్నపదం ఉన్న వాక్యానికి "మ" చేర్చరు. మృదువుగా అడగదలిస్తే "న" అనే మరొక చిన్న పదాన్ని చేరుస్తారు. అది కూడా తప్పనిసరి కాదు.

ఇప్పుడు ఆ వార్డులో జరిగినదేమిటో చూడండి. మావాడు "నార్"ను క్రిందికి దింపి లేపవలసినది పోయి పైనుంచి పడవేసినాడు. ఎక్కడ అనేది అక్కడ అయినది. చివర "మ" చేర్చినాడు. "నొప్పి ఎక్కడ?" అనవలసినది "అక్కడ నొప్పిగా ఉన్నదా?" అయినది. చేయి పొట్టవైపు ఉన్నది. ముసలమ్మ నిజమే చెప్పినది. ఆమెకు పొట్టపైభాగంలో కూడా కొంత బాధగా ఉన్నది. గుండెజబ్బు కొందరిలో అట్లా కూడా కనిపిస్తుందని వైద్యులు చెబుతారు. పెద్ద డాక్టరుగారు స్వరం సరిగా పలికి, "మ" లేకుండా, "నిన్ నార్ థెంగ్?" అన్నారు. జవాబుకు చోటు దొరికినది. ఆమె చేయి తానే రొమ్ము మీదికి వెళ్ళినది.

మావాడు స్వరం సరిగా పలికి "మ" ఒక్కటి పొరపాటున చేర్చి ఉంటే ఏమయ్యేదో కూడా చెబుతాను. అప్పుడు మరొక అర్థం వచ్చేది. చైనా భాషలో ప్రశ్నపదానికి "మ" తోడైతే అది ప్రశ్నపదంగా ఉండడం మాని, ఏదైనా, ఎక్కడైనా అనే అర్థం ఇస్తుంది. "నిన్ నార్ పు షూఫు?" అంటే తమకు ఎక్కడ బాగుండలేదు? "నిన్ నార్ పు షూఫు మ?" అంటే తమకు ఎక్కడైనా బాగుండలేదా? మన "ఏమి తింటావు?" అనేదానికీ "ఏమైనా తింటావా?" అనేదానికీ ఉన్న తేడా ఇదే. మనం మాట రూపాన్ని మార్చి చూపిస్తాము. వారు మాటను మార్చకుండా దాని చుట్టూ ఉన్న పరిసరాన్ని మార్చి చూపిస్తారు.

ఇది చైనా ప్రశ్నపదాల గొప్ప విశేషం. వాటికి "తోవ్" అనే పదం తోడైతే అన్నీ, అందరూ అనే అర్థం వస్తుంది. "షేయ్ తోవ్ చితావ్" అంటే అందరికీ తెలుసు. "షెన్‌మ తోవ్ పు ఛి" అంటే ఏమీ తినడు. ఎవరు, ఎవరో, ఎవరైనా, ఎవరూ అని మనం నాలుగు రూపాలు చేసుకున్నాము. వారికి ఒక్క "షేయ్"తోనే ఇవన్నీ నడుస్తాయి. "ఎవరు ముందు వస్తే వారు ముందు తింటారు" అని మనం అంటాము. ఎవరు అని మొదలుపెట్టి వారు అని ముగిస్తాము. చైనావారు "షేయ్ శ్యెన్ లాయ్, షేయ్ శ్యెన్ ఛి" అంటారు. రెండు చోట్లా ఎవరు అనే మాటే. మొదట ఎవరు వస్తే, రెండవచోట కూడా ఆ ఎవరే.

ఈ లక్షణాలు భాషాశాస్త్రంలో పెద్ద చర్చకు దారితీసినాయి. జేమ్స్ హువాంగ్ అనే పండితుడు 1982లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సమర్పించిన పరిశోధనలో ఒక వాదం లేవదీసినాడు. చైనా ప్రశ్నపదం చెవికి కదలనట్లు వినిపించినా, అర్థం రూపొందే స్థాయిలో అది కూడా ఇంగ్లీషు పదం వలెనే వాక్యం మొదటికి కదులుతుందని ఆయన ప్రతిపాదన. దీనిని ఒప్పుకొన్నవారూ ఉన్నారు, కాదన్నవారూ ఉన్నారు. ఏది ఎట్లున్నా, ఇంగ్లీషు ఒక్కదానిని చూచి భాషల స్వభావాన్ని నిర్ణయించకూడదని ఆ చర్చవల్ల స్పష్టమైనది.

ప్రాచీన చైనా భాషలో ప్రశ్నపద్ధతి నేటి పద్ధతివంటిది కాదు. ఆ కాలంలో కర్మస్థానంలో ఉన్న ప్రశ్నపదం క్రియకు ముందుకు వచ్చేది. ఏమి అనడానికి నేటి షెన్‌మకు బదులు "హ" అనే మాట వాడేవారు. 1898లో మా చియెన్‌చుంగ్ రచించిన వ్యాకరణం, చైనా పండితుడు తన భాషకు ఆధునిక పద్ధతిలో వ్రాసిన మొదటి సమగ్ర వ్యాకరణంగా ప్రసిద్ధి చెందినది. ఈ ప్రాచీన నియమాన్ని ఆయన అందులో వివరించినాడు.

ఆ ప్రాచీన భాషలోనే ప్రశ్నలతో నిండిన ఒక మహాకావ్యం ఉన్నది. క్రీస్తుకు పూర్వం 4వ, 3వ శతాబ్దాల సంధికాలంలో జీవించిన ఛ్యూ యువెన్ అనే కవి పేరున అది ప్రసిద్ధమైనది. దాని పేరు "థియెన్ వెన్". ఆకాశాన్ని అడగడం అని చెప్పుకోవచ్చును. భూమ్యాకాశాలు ఎట్లా ఏర్పడినవి, చీకటి వెలుగులు ఎందుకు కలిగినవి మొదలుకొని పూర్వరాజుల చరిత్ర వరకు 170కి పైగా ప్రశ్నలు అందులో ఉన్నాయి. మన భారతంలో యక్షుడు ప్రశ్నించగా ధర్మరాజు జవాబులు చెప్పి తమ్ములను బ్రతికించుకున్నాడు. ఛ్యూ యువెన్ కావ్యంలో జవాబు చెప్పేవారు లేరు. ప్రశ్నలు మాత్రమే నిలిచి ఉన్నాయి. 2020 జూలై 23న చైనా అంగారకగ్రహానికి పంపిన నౌకకు ఈ కావ్యం పేరే పెట్టినారు. అది 2021 మే నెలలో ఒక సంచారశకటాన్ని ఆ గ్రహం మీద దింపినది. రెండువేల ఏండ్లకు పైబడిన ఒక ప్రశ్నల మాలికకు అంతకంటే గౌరవం ఏముంటుంది?

ప్రశ్నలో వ్యాకరణం ఎంత ముఖ్యమో మర్యాద కూడా అంత ముఖ్యం. పసివానిని "నీకు ఎన్నేండ్లు?" అని చీతో అడిగినట్లు పెద్దలను అడగకూడదు. పెద్దలకు వేరే మాటలు ఉన్నాయి. టెలిఫోనులో "షేయ్?" అంటే మోటుగా ఉంటుంది. "నా వెయ్?" అనడం మర్యాద. వెయ్ అనేది గౌరవనీయులైన వ్యక్తులకు వాడే గణనపదం. మనం "ఎవరు?" అనకుండా "ఎవరండీ?" అన్నట్లన్నమాట. కొత్తవారి ఇంటిపేరు అడగడానికి "నిన్ క్వెయ్ శింగ్?" అంటారు. తమరి గౌరవనీయమైన ఇంటిపేరు అని దాని అర్థం. అందులో ప్రశ్నపదం లేనే లేదు! "తమరి నామధేయం?" అని మన పెద్దలు అడిగి ఊరుకున్నట్లే వారూ ఊరుకుంటారు.

కొన్ని ప్రశ్నలు జవాబు కోరి వేసేవి కావు. పేయ్‌చింగ్ వీథులలో ఇరుగుపొరుగువారు ఎదురుపడితే "ఎక్కడికి?" అని అడగడం పాత అలవాటు. అది పలకరింపు మాత్రమే. మన ఇండ్లలోనో, బయలుదేరేవారిని ఎక్కడికి అని అడిగితే వెళ్ళిన పని కాదని పెద్దలు కోప్పడతారు. ఒకచోట ఆప్యాయత అయిన మాట మరొకచోట అపశకునం! అట్లాగే ఎవరైనా పొగిడితే చైనా పెద్దలు "నాలి, నాలి" అంటారు. ఎక్కడ, ఎక్కడ అని అర్థం. అంత గొప్పతనం నాలో ఎక్కడ ఉన్నదండీ అని వినయంతో అనడం. మనవారు "ఎంతమాట!" అంటారు. రెండు చోట్లా ప్రశ్నపదమే వినయానికి ఉపకరించినది.

శ్రోతలారా, పరిచయ కార్యక్రమాలలో పెద్దలను ప్రశ్నించడం నా ఉద్యోగంలో ఒక భాగం. చేరిన కొత్తలో ఒక వృద్ధ చేనేత కళాకారుని స్టూడియోకు పిలిచి, "ఆ రోజులలో మీరు చాలా కష్టపడ్డారా?" అని అడిగినాను. ఆయన "అవును బాబూ" అని ఊరుకున్నాడు. మళ్ళీ ఒకటి అడిగినాను. మళ్ళీ "అవును". పది నిమిషాల కార్యక్రమం నాలుగు నిమిషాలకే ముగిసేటట్లు కనిపించినది. అద్దానికి అవతల ఉన్న మా పెద్ద ఉద్యోగి ఒక చీటీ వ్రాసి పంపినారు. "ఎట్లా గడిచేది అని అడుగు" అని అందులో ఉన్నది. అడిగినాను. ఆ తరువాత ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. మా మేనల్లుని ముసలమ్మ సంగతి విన్నప్పుడు నాకు ఆ చీటీయే జ్ఞాపకం వచ్చినది. "ఆ" అయినా "మ" అయినా మన ఊహను ఎదుటివారి ముందు పెట్టి తల ఊపమంటుంది. ఎక్కడ, ఎందుకు, ఎట్లా అనే మాటలు ఆ చోటును వారికే విడిచిపెడతాయి.

మావాడు ఇప్పుడు స్వదేశానికి వచ్చి వైద్యవృత్తిలో ఉన్నాడు. రోగులతో తెలుగులోనే మాట్లాడతాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, "మామయ్యా, ఇక్కడ స్వరంతో చిక్కు లేదు. అయినా రోగి పొట్టవైపు చేయి చాచకుండా, చేతులు కట్టుకొని, 'నొప్పి ఎక్కడ తాతా?' అని అడిగి ఆగుతున్నాను" అన్నాడు. చైనా భాష వానికి నేర్పిన పాఠం అది.

ఆ భాషను నేర్చుకోదలచిన మన యువతీయువకులకు నేను చెప్పదగిన మాట ఇది. ప్రశ్న వేసేముందు ఇంగ్లీషును కాసేపు ప్రక్కన పెట్టండి. జవాబు వాక్యాన్ని మనస్సులో అనుకోండి. తెలియని మాటను తీసివేసి అక్కడ ప్రశ్నపదాన్ని ఉంచండి. "మ" చేర్చకండి. స్వరాన్ని చెవితో విని పలకండి. ఆ తరువాత, ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినండి.